పదకొండు మందీ, ఎనిమిది మంది లిఫ్టూ

మా మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. మేముండే ఇంటికి మాత్రం లిఫ్టు లేదు. మూడో అంతస్తు, యాభై నాలుగు మెట్లు. రెండో అంతస్తు మలుపులో ఒక మెట్టు మిగతావాటికంటే రెండంగుళాలు ఎత్తు. ఆ సంగతి నా ఎడమ మోకాలికి ప్రత్యేకంగా తెలుసు. “ఊళ్ళోవాళ్ళందర్నీ ఎక్కిస్తావు, దించుతావు. సొంత వదిన్ని మాత్రం మెట్లపాలు చేశావు కదరా” అని రోజుకొకసారైనా అంటాను. “అవును వదినా” అంటాడు. అంతే. వాడితో తగువు పెట్టుకోవడమంటే దూదిమూటను గుద్దడమే. మనకే చెయ్యి నొప్పి.

నేను పెళ్ళై ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికి నాకు పద్దెనిమిది, వాడికి ఆరు. కొత్త మనిషిని చూసి మంచం కింద దూరాడు. రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు నేను మంచం ముందు ఒక బిస్కట్టు పెట్టి, పక్కకు తిరిగి కూర్చున్నాను. చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది. అప్పటినుంచీ యాభై రెండేళ్ళుగా ఆ చెయ్యి వెనకాల ఉన్న మనిషిని చూస్తూనే ఉన్నాను. ఈ యాభై రెండేళ్ళలో వాడు ఒక్కరికి కూడా ‘కుదరదు’ అని చెప్పగా నేను వినలేదు. లేదు, కాదు, కుదరదు. ఈ మూడు మాటలూ వాడికి ఏ బళ్ళోనూ నేర్పలేదు. నేను చదివింది మూడో తరగతే, అదీ సగం. కానీ ఈ మూడు మాటలూ బళ్ళోకి వెళ్ళకముందే నాకు వచ్చు.

వాడికి పెళ్ళి ఎందుకు కాలేదని అందరూ అడుగుతారు. కాకేం, ఒకే నెలలో రెండు సంబంధాలకు సరేనన్నాడు. మొదటివాళ్ళు అడిగితే సరేనన్నాడు. వారం తిరక్కుండా రెండోవాళ్ళు అడిగారు, పాపం వాళ్ళను మాత్రం ఎందుకు బాధపెట్టాలని వాళ్ళకూ సరేనన్నాడు. రెండు వైపుల పెద్దలూ ఒకేరోజు మా మెట్లెక్కారు. ఆ రోజు వాళ్ళందరితో మాట్లాడింది మా ఆయనా, నేనూ. పెళ్ళికొడుకు మళ్ళీ మంచం కింద ఉన్నాడు. అప్పటికి వాడికి ఇరవై ఏడేళ్ళు.

అలాంటివాడికి లిఫ్టుల పని ఎలా నచ్చిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకసారి వాడే చెప్పాడు. లిఫ్టులోకి ఎక్కువ మంది ఎక్కితే గంట మోగుతుందట. కుయ్‌మని మోగుతూనే ఉంటుందట. ఎవరో ఒకరు దిగేదాకా తలుపు మూసుకోదట. “అక్కడ నేను ఎవర్నీ దిగమని చెప్పక్కర్లేదు వదినా. గంటే చెప్తుంది” అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహం చూడాలి. ఇంకొకళ్ళైతే దేవుడి గురించి అలా చెప్తారు.

ఇప్పుడు ఆట సంగతి.

ప్రతి లిఫ్టుకూ అడుగున ఒక గుంట ఉంటుంది. తలుపు దగ్గర వేలెడు సందు ఉంటుంది చూడండి, అందులోంచి జారినవన్నీ ఆ గుంటలోకి చేరతాయి. తాళంచెవులు, చెవిదిద్దులు, ఒకసారి ఒకరి కట్టుడు పళ్ళు. మావాడు దొరికిన ప్రతిదానికీ ఆ లిఫ్టులోనే కాగితం అంటిస్తాడు: ‘గుంటలో ఫలానా వస్తువు దొరికినది. తమది అయినచో గుర్తులు చెప్పి తీసుకోగలరు.’ పళ్ళకు కూడా గుర్తులు చెప్పమన్నాడు, మహానుభావుడు. ఒకసారి ఒక చిన్న గుడ్డసంచీ, పల్చటి పుస్తకం దొరికాయి. నెలరోజులు కాగితం ఉంచాడు, ఎవరూ రాలేదు. ఇంటికి తెచ్చాడు. సంచీ విప్పితే పాచికలు. మామూలువి కాదు. ఒకదానికి నాలుగు ముఖాలు, ఒకదానికి ఎనిమిది, ఒకదానికి ఇరవై. మనిషికి ఉన్న ఒక్క ముఖం కడుక్కోవడానికే బద్ధకం, ఈ ఇరవై ముఖాల దాన్ని ఏం చేసుకుంటావురా అన్నాను. వాడు ఆ పుస్తకాన్ని ఏడాదిపాటు రోజూ అన్నం తిన్నాక కాసేపు చదివి, మడిచి, దిండు కింద పెట్టుకునేవాడు.

ఆ తర్వాత ఒకరోజు పళ్ళాసుపత్రి ఉన్న భవనంలో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల నలుగురున్నారు. ఆసుపత్రి పళ్ళ డాక్టరమ్మ, ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్, పన్ను పీకించుకోవడానికి వచ్చిన బస్సు డ్రైవరు, పై అంతస్తులో ట్యూషన్ చెప్పే లెక్కల మాస్టారు. ఏదో ముక్క విరిగిందట, కొత్తది వచ్చేదాకా రెండున్నర గంటలు పడుతుంది. మావాడు లిఫ్టు నెత్తిన కూర్చుని, పైమూత తెరిచి చూశాడు. పోస్ట్‌మాన్‌కు ఊపిరి ఆడటం లేదు, కళ్ళు తేలేస్తున్నాడు. ఏదో ఒకటి మాట్లాడి జనాన్ని కుదుటపరచాలి. మాట్లాడాల్సింది ఎవరు? మావాడు! వాడి బుర్రలో ఉన్నదల్లా ఆ పుస్తకం ఒక్కటే.

“ఈ లిఫ్టు ఇప్పుడు కిందికి వెళ్తోందనుకోండి” అన్నాడట. “ఈ భవనానికి లేని అంతస్తుకి. తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఒకతను నిలబడ్డాడు. అతనికి నీడ లేదు. మీరేం చేస్తారు?”

పోస్ట్‌మాన్ నీరసంగా అన్నాడట: “ఉత్తరం ఇచ్చి, సంతకం పెట్టించుకుంటాను.”

అలా మొదలైంది. రెండున్నర గంటల తర్వాత తలుపు తెరుచుకుంటే ఆ నలుగురూ బయటికి రాలేదు. “ఆగండి లిఫ్టుగారూ, ఆ నీడలేనివాడు సంతకం పెట్టాడా లేదా?” అని లోపలే కూర్చున్నారు. పైన ఆసుపత్రిలో పళ్ళు చూపించుకోవడానికి కాచుకున్నవాళ్ళు వచ్చి బతిమాలితే కదిలారు. అప్పటినుంచీ అందరికీ వాడు లిఫ్టుగారే. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నలుగురూ మా మెట్లెక్కారు. మూడేళ్ళైంది, ఒక్క ఆదివారం తప్పలేదు.

ఈ ఆటకు బోర్డు లేదు, పావులు లేవు. మావాడు కళ్ళెదురుగా ఏముందో చెప్తాడు. మిగతావాళ్ళు తామేం చేస్తారో చెప్తారు. అది జరిగిందో లేదో పాచిక చెప్తుంది. ఆటలో ఊరు అచ్చం మన ఊరిలాంటిదే. అవే బస్సులు, అవే చెత్తబండ్లు, తడిగుడ్డలు ఆరేసిన అవే వసారాలు. కాకపోతే దింపిన షట్టర్ల వెనకా, నీళ్ళ ట్యాంకుల కిందా, లిఫ్టు గుంటల్లోనూ వేరే జనం కాపురముంటారు. ఆడేవాళ్ళు ఆ జనంలో ఒకళ్ళన్నమాట. పళ్ళ డాక్టరమ్మ రక్తపిశాచి. ఇప్పటిదాకా ఒక్కరిని కరవలేదు, తోటి పిశాచాలకు కోరలు ఎలా తోముకోవాలో చెప్తూ ఉంటుంది. డ్రైవరు దయ్యం. వారమంతా జనం కంటపడి తిట్లు తినేవాడు, ఆదివారమైనా ఎవరికీ కనబడకూడదని. పోస్ట్‌మాన్ తోడేలు మనిషి. ఊళ్ళో ఏ కుక్క మొరిగినా గోడెక్కే మనిషి ఇక్కడికొచ్చి అందరి మీదా గుర్రుమంటాడు. లెక్కల మాస్టారు మంత్రగాడు. మంత్రం వేసేముందు కాగితం మీద లెక్క చేస్తాడు, అది తేలేసరికి శత్రువు ఇంటికి పోయి ఉంటాడు.

ఆట మొదలుపెట్టేటప్పుడు ప్రతివాళ్ళూ ఒక కాగితం నింపాలి. పేరు, జాతి, ఆయుధం, బరువు.

“బరువెందుకండీ?” అని డాక్టరమ్మ అడిగింది.

“రేపు లిఫ్టు ఎక్కాలి కదండీ” అన్నాడు మావాడు.

నేను ఆ మూలన మిషను దగ్గర కూర్చుని దిండు గలీబులు కుట్టుకుంటూ ఉండేదాన్ని. నాకేం, ఆ పిచ్చి మాటలు వినే తీరిక నాకెక్కడిది. ఆదివారం కుట్టిన కుట్లు సోమవారం విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చేదంటే అది కళ్ళజోడు లోపం.

నలుగురితో ఉన్నంతకాలం బాగానే ఉంది. తర్వాత డాక్టరమ్మ దగ్గర పనిచేసే కాంపౌండరు, “నేనూ రావచ్చా?” అన్నాడు. మావాడు “రండి” అన్నాడు. కాంపౌండరు పెళ్ళాన్ని తెచ్చాడు. రండి. డ్రైవరు తన కండక్టరును తెచ్చాడు. పోస్ట్‌మాన్ బావమరిదిని తెచ్చాడు. మాస్టారి పక్కింటి దంపతులు వచ్చారు. రండి, రండి. కొత్తవాళ్ళలో ఏడోవాడు అసలు మా ఎదురింటివాళ్ళ కోసం వచ్చాడు. తలుపు తప్పు కొట్టాడు. మావాడు “రండి” అన్నాడు, వచ్చి కూర్చున్నాడు. ఏడాదైంది. ఎదురింటివాళ్ళు ఆయన కోసం ఇంకా చూస్తున్నారో ఏమో, నేను అడగలేదు.

మొత్తం పదకొండు మంది. మా హాల్లో. సోఫాలో నలుగురు, మంచం మీద ముగ్గురు, స్టూళ్ళ మీద ఇద్దరు, గుమ్మంలో ఒకరు, తలుపు తప్పినాయన నా బట్టలమూట మీద. పదకొండు నోళ్ళూ ఒకేసారి తెరుచుకునేవి. ఒక గది తలుపు తియ్యాలా వద్దా అని తేల్చడానికి సాయంత్రం దాకా పట్టేది. తీశాక అందులో చీపుళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు.

అలాంటి రోజుల్లో వాళ్ళు ఆ లిఫ్టు ముందుకొచ్చారు.

ఊళ్ళో అన్ని గడియారాల నుంచీ రోజుకొక నిమిషం దొంగిలించే రాక్షసుడొకడున్నాడు. పేరు అడుగుదొర. అందుకే ఊళ్ళో అందరూ అన్నిటికీ ఆలస్యమవుతున్నారు. మా డ్రైవరుకు ఈ సంగతి ఎంత నచ్చిందంటే, బస్సులో నిజం ప్రయాణికులకు కూడా ఇదే చెప్పుకున్నాడు. అడుగుదొర ఒక భవనంలో అన్నిటికంటే కింద, మెట్లు లేని అంతస్తులో ఉంటాడు. అక్కడికి ఒక్కటే లిఫ్టు. అది రోజుకొక్కసారే దిగుతుంది, ఒక్కసారే పైకొస్తుంది. వాణ్ణి పట్టుకుంటే మూడేళ్ళ ఆట ఒక ఒడ్డుకు చేరుతుంది. మావాడు మూడేళ్ళుగా రాసుకున్నదంతా ఆ అడుగుదొర కోసమే.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల రేకు మీద రాసి ఉంది: ఎనిమిది మంది, అయిదువందల నలభై నాలుగు కిలోలు.

వీళ్ళు పదకొండు మంది.

మావాడు పిశాచాలను ఒప్పుకుంటాడు. నీడలేనివాళ్ళను ఒప్పుకుంటాడు. మాట్లాడే నీళ్ళ ట్యాంకును ఒప్పుకుంటాడు. ఎనిమిది మంది లిఫ్టులో పదకొండు మంది ఎక్కడం మాత్రం ఒప్పుకోడు. నోటితో కుదరదని అనడు, అలవాటు లేదు కదా. “గంట మోగుతోంది” అంటాడు. దయ్యానికి బరువు లేదని డ్రైవరు వాదించాడు. సరే, దయ్యం సున్నా. మిగతావాళ్ళను మాస్టారు కూడితే ఏడువందల నలభై రెండు. గంట మోగుతోంది. పోనీ ముగ్గురు ఆగిపోండి అంటే ఎవరూ ఆగరు. ఇంతకుముందొకసారి రెండు జట్లుగా విడిపోయి, ఒక జట్టు మూడు ఆదివారాలు చెత్తబండిలో ఇరుక్కుపోయింది. అప్పటినుంచీ విడిపోవడమంటే అందరికీ హడలు. అలా ఒక ఆదివారం, రెండో ఆదివారం, మూడో ఆదివారం ఆ లిఫ్టు ముందే నిలబడ్డారు. నిజం లిఫ్టు కోసం కూడా ఎవరూ అంతసేపు నిలబడరు.

మూడో ఆదివారం డాక్టరమ్మ మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, మీతో చెప్పకపోతే బాగుండదు. మేం పాత నలుగురం లిఫ్టుగారితో మాట్లాడాం. కొత్తవాళ్ళను పంపించెయ్యండి, లేకపోతే మేం మానేస్తాం అన్నాం.”

“ఏమన్నాడు?”

“సరేనన్నారు.”

ఆవిడ గ్లాసు పెట్టి వెళ్ళిందో లేదో కాంపౌండరు పెళ్ళాం వచ్చింది. ఆవిడకూ దాహమే.

“పెద్దమ్మా, మమ్మల్ని పంపించేస్తారని విన్నాం. లిఫ్టుగారిని అడిగాం, అలాంటిదేం లేదు కదా అని.”

“ఏమన్నాడు?”

“సరే, ఉండండన్నారు.”

నాకు ఆ రెండు సంబంధాలూ గుర్తొచ్చాయి. అందరూ వెళ్ళాక వాణ్ణి నిలబెట్టి అడిగాను. “ఒరేయ్, వాళ్ళకూ సరే, వీళ్ళకూ సరేనా? వచ్చే ఆదివారం ఏ మంచం కింద దూరతావు? నువ్విప్పుడు పట్టవు కూడా.”

వాడు పాచికలను ఒక్కొక్కటే గుడ్డసంచీలో వేసుకుంటున్నాడు. “ఒక్క వారం చూస్తాను వదినా. ఈ ఆదివారం లిఫ్టు కదిలితే కదిలింది. లేకపోతే ఆట కట్టేస్తాను. అప్పుడు ఎవర్నీ పొమ్మనక్కర్లేదు.”

ఆ మాట తేలిగ్గానే అన్నాడు. కానీ నాకు తెలుసు. ఇంకో రెండు నెలల్లో వాడికి ఉద్యోగం అయిపోతుంది. ఆ తర్వాత లిఫ్టులు లేవు, గుంటలు లేవు. వారానికి ఆరు రోజులు ‘అవును వదినా’ తప్ప నోరు విప్పని మనిషి ఆదివారం మూడు గంటలు మాట్లాడతాడు. పిశాచం గొంతు పెడతాడు, చెత్తబండి గొంతు పెడతాడు, నవ్వుతాడు. అదీ పోతే, మా ఆయన కూడా లేని ఈ ఇంట్లో వాడికి మిగిలేది నేనూ, గోడా. అందులో ఎక్కువ మాట్లాడేది నేనే.

నాలుగో ఆదివారం. మూడు కొట్టకముందే పదకొండు మందీ వచ్చేశారు. పాతవాళ్ళు కొత్తవాళ్ళను చూసి, కొత్తవాళ్ళు పాతవాళ్ళను చూసి, అందరూ కలిసి మావాణ్ణి చూశారు. వాడు నోటుపుస్తకంలోకి చూశాడు.

“మీరు లిఫ్టు ముందున్నారు. తలుపు తెరుచుకుంది. లోపల రేకు మీద…”

“తెలుసండీ! నెలనుంచీ అదే రేకు చదువుతున్నాం” అన్నాడు పోస్ట్‌మాన్ బావమరిది.

“నువ్వు చదువుతున్నావు. మేం మూడేళ్ళనుంచీ ఉన్నాం” అన్నాడు మాస్టారు.

“అంటే సీనియర్లు కాబట్టి ముందు మీరెక్కుతారా?”

“బస్సులో ముందెక్కినవాళ్ళదే సీటు. ఎందుకులే, నేను దయ్యాన్ని, నన్నెవరూ లెక్కలోకే…”

“డ్రైవరన్నా, నువ్వు సున్నా. నువ్వు మాట్లాడకు” అన్నాడు కండక్టరు.

“ఎవర్రా సున్నా?”

“నేను తాడు కట్టుకుని లిఫ్టు కింద వేలాడతాను” అంది కాంపౌండరు పెళ్ళాం.

ఆ మాటకు మావాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. ముప్పై ఏడేళ్ళ సర్వీసు వాడి కళ్ళముందు తిరిగినట్టుంది. చేత్తో మెల్లగా నోటుపుస్తకం మూసేశాడు. పాచికల సంచీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ గోలలో వాళ్ళెవరూ అది చూడలేదు. నేను చూశాను.

మిషను ఆపేశాను. లేచి మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను.

“నోళ్ళు ముయ్యండి.”

మూశారు.

“ఒరేయ్, పనిలో నువ్వు లిఫ్టు పైనుంటావు, ఇంకో మనిషి మీట దగ్గరుంటాడు. ఇద్దరూ ఒకేసారి అరుస్తారా?”

“లేదు వదినా. ఒక్కరే చెప్తారు. రెండోవాళ్ళు ఆ మాట తిరిగి చెప్పాలి. చెప్పాకే మీట నొక్కాలి.”

“లేకపోతే?”

“మనిషి నలిగిపోతాడు.”

“మరి ఇక్కడెందుకు పదకొండు మంది అరుస్తున్నారు? ఒక్కరు చెప్పండి. మిగతావాళ్ళు తిరిగి చెప్పండి.”

“ఎవరు చెప్పాలి?” అన్నాడు కండక్టరు. మళ్ళీ పదకొండు చేతులు లేచాయి. డాక్టరమ్మ నావైపు చూసింది. “అమ్మే చెప్పాలి. అమ్మ ఏ జట్టూ కాదు.” ఎవరూ కాదనలేదు. భయపడ్డారని అనుకోను. గౌరవం అయ్యుంటుంది.

“నాకీ పిచ్చి ఆట రాదు” అన్నాను.

“మూడేళ్ళనుంచీ వింటున్నావు కదా వదినా” అన్నాడు మావాడు, నోటుపుస్తకంలోకి చూస్తూ.

ఇంత మాట వీడికి ఎప్పుడొచ్చింది? సరే, వాడి సంగతి తర్వాత చూద్దామని స్టూలు లాక్కుని వాడి భుజం వెనకే కూర్చున్నాను. ఒక్కొక్కరినీ అడిగాను, ఒక్కొక్కరు చెప్పారు. మొదటిసారిగా ఆ హాల్లో ఒకరి మాట ఇంకొకరు విన్నారు. విన్నాక తేలిందేమిటంటే, పదకొండు మంది దగ్గరా పనికొచ్చే ఉపాయం ఒక్కటీ లేదు.

“ఒరేయ్, ఆ లిఫ్టుకి కింద కూడా తలుపుందా?”

“ఉంది వదినా.”

“కిందనుంచి మనిషి ఎక్కితే పైకొస్తుందా?”

“లిఫ్టంటే వస్తుంది కదా.”

“అయితే వీళ్ళెందుకు దిగాలి? వాడే ఎక్కి రాడా?”

మాస్టారు పెన్ను కింద పడేసుకున్నాడు. నెలరోజులు! అంత చదువులు చదివినవాళ్ళు!

“ఎందుకొస్తాడు పెద్దమ్మా? రాక్షసుడు కదా” అన్నాడు తలుపు తప్పినాయన.

“పైన మీట నొక్కితే కింద గంట మోగుతుందా?”

“మోగుతుంది” అన్నాడు మావాడు.

“నొక్కి పట్టుకుంటాను. మోగుతూనే ఉంటుంది. వాడు వచ్చి ఎవరని అడిగేదాకా వదలను.”

మావాడు ఇరవై ముఖాల పాచిక తీశాడు. అది వేస్తే పని అవుతుందో లేదో తెలుస్తుంది. నావైపు ఒకసారి చూసి పాచికను మళ్ళీ సంచీలో వేసేశాడు. “అక్కర్లేదు. నువ్వు నొక్కితే వస్తాడు.”

“లిఫ్టు ఖాళీగా కిందికి” అన్నాను.

“కిందికి!” అన్నారు పదకొండు మందీ ఒక్క గొంతుతో. మావాడు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. కింద చీకట్లో గంట మోగుతోంది. అడుగుదొర చెవులు మూసుకున్నాడు. దిండు కప్పుకున్నాడు. చివరికి లేచాడు. దొంగిలించిన నిమిషాలన్నీ సంచుల్లో కట్టి ఒంటినిండా వేలాడదీసుకున్నాడు, వాటిని వదిలి ఎక్కడికీ వెళ్ళడు. అడుగు వేస్తే భవనం అదురుతోంది. “పైకొచ్చి పదకొండు మందినీ నమిలేస్తాను” అని లిఫ్టులో కాలు పెట్టాడు…

అక్కడ మావాడు ఆగిపోయాడు. నోటుపుస్తకంలో వెనక్కి తిప్పాడు. అడుగుదొర కాగితం. వాడు ఎవర్నీ వదలడు, రాక్షసుడి చేత కూడా నాలుగు గడులూ నింపించాడు. పేరు, జాతి, ఆయుధం, బరువు. నాకు పెద్ద చదువు లేకపోవచ్చు, అంకెలు వచ్చు. ఆరువందల పది.

లిఫ్టు మోసేది అయిదువందల నలభై నాలుగు.

వాడి వేలు ఆ అంకె మీద ఉంది. వేలు తియ్యకుండా మూడువందలని చదివితే అడిగేవాడు లేడు. రాక్షసుడు పైకొస్తాడు, యుద్ధం జరుగుతుంది, మూడేళ్ళుగా రాసుకున్న మాటలన్నీ వాడు చెప్పుకోవచ్చు. ఇరవై రెండు పేజీలు రాశాడు ఆ యుద్ధం కోసం. వాడు తలెత్తి నన్ను చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

“కుయ్‌య్‌య్‌య్” అన్నాడు మా మరిది.

ఎవరికీ ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత హాలు కూలిపోయినంత పనైంది. పోస్ట్‌మాన్ మంచం మీద నిలబడి తోడేలులా ఊళ వేశాడు. కాంపౌండరు పక్కనున్న మాస్టారిని కౌగిలించుకున్నాడు.

“ఒక సంచి దించుతాడు!” అన్నాడు మాస్టారు ఊపిరాడక. “అరవై ఆరు కిలోలు దించితే చాలు, పైకొచ్చేస్తాడు!”

మావాడు తల అడ్డంగా ఊపాడు. చెవులు ఎర్రబడ్డాయి. “అది పాత లిఫ్టు. బరువు చూసే మీట ఒకసారి దిగితే ఇరుక్కుంటుంది. మొత్తం దించితేగానీ గంట ఆగదు. నేనే రాశాను.” గొంతు తగ్గించాడు. “మీకోసం పెట్టాను.”

అందరి మీదా పన్నిన ఉచ్చులో సొంత రాక్షసుణ్ణే ఇరికించుకున్నాడు. ఇంకొకడైతే చెప్పేవాడా?

అడుగుదొర ఒక సంచి దించాడు. కుయ్. రెండు దించాడు. కుయ్. గంట ఆగదు, తలుపు మూసుకోదు, పంతం పోదు. తిట్టుకుంటూ ఒక్కొక్క సంచీ దించి, చివరికి అన్నీ పోయాక గంట ఆగింది. లిఫ్టు పైకొచ్చింది. తలుపు తెరుచుకుంది. లోపల నిలబడ్డవాడు అసలు బరువు ముప్పై ఎనిమిది కిలోలు. మావాడు వాడికి చాలా సన్నటి గొంతు పెట్టాడు. “ఎవరండీ మీట నొక్కింది?”

డాక్టరమ్మ కరుస్తుందనుకున్నాం. “నోరు తెరవండి” అంది. తెరిచాక, “కింద దవడలో రెండు పుచ్చిపోయాయి” అంది. పోస్ట్‌మాన్ ముందుకెళ్ళి వాడి చేతిలో ఉత్తరం పెట్టి, సంతకం పెట్టించుకున్నాడు. అంతటితో అడుగుదొర కథ అయిపోయింది. ఇరవై రెండు పేజీలూ అలాగే ఉండిపోయాయి.

నిమిషాలన్నీ ఊరికి తిరిగొచ్చేశాయని మావాడు చెప్పగానే అందరూ మా హాలు గడియారం వైపు తిరిగారు. అది ఎప్పటిలాగే పావుగంట వెనక ఉంది.

“దార్లో ఉంటాయి. ట్రాఫిక్కు” అన్నాడు డ్రైవరు.

టీ తాగుతూ పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ ఎవరు ఎక్కడ కూర్చున్నారో మర్చిపోయారు. మాస్టారు కాంపౌండరు పెళ్ళానికి తాడు లెక్క వివరిస్తున్నాడు. వెళ్ళేముందు డాక్టరమ్మ చెప్పులు వేసుకుంటూ, “లిఫ్టుగారూ, మొన్న మేమన్న మాట…” అంది.

“ఏ మాటండీ?” అన్నాడు మావాడు. అబద్ధం కూడా నేర్చుకున్నాడు.

“ఏం లేదు. వచ్చే ఆదివారం ఆ భవనం పై అంతస్తులో ఏముందో చూద్దామా?”

“చూద్దాం.” ఆ అంతస్తు గురించి వాడు ఒక్క ముక్క కూడా రాసుకోలేదని నాకు తెలుసు. వారమంతా రాస్తూనే ఉన్నాడు.

మళ్ళీ శనివారం సాయంత్రం పని నుంచి వస్తూ కాగితంలో చుట్టిన రేకొకటి తెచ్చాడు. లిఫ్టుల్లో ఉంటుందే, అచ్చం అలాంటిదే. హాలు గుమ్మం పక్కన నాలుగు మరలు పెట్టి బిగించాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ‘పన్నెండు మంది.’

“వాళ్ళు పదకొండు. నీతో పన్నెండా?”

“నేను లిఫ్టుని వదినా. లిఫ్టుని లెక్కపెట్టరు” అంటూ నా ముందు ఒక కాగితం పెట్టాడు. పేరు, జాతి, ఆయుధం, బరువు. ఆయుధం దగ్గర వాడే ‘నోరు’ అని రాసి ఉంచాడు. బరువు గడి ఖాళీగా ఉంది. అది అలాగే ఉంటుంది. నా బరువు డాక్టరుకే చెప్పలేదు, వీడికి చెప్తానా.

ఆదివారం మూడయ్యేసరికి అందరూ ఎవరి చోట వాళ్ళు సర్దుకున్నారు. నేను స్టూలు మీద కూర్చున్నాను, ఎవరో ఒకరు కూర్చోకపోతే కాకిగోల అవుతుంది కాబట్టి. ఇంతలో తలుపు చప్పుడైంది. కండక్టరు మేనమామట. పెద్దమనిషి, యాభై నాలుగు మెట్లూ ఎక్కి రొప్పుతున్నాడు. “మావాడు చెప్పాడండీ, మీ ఆట బాగుంటుందని. నేనూ రావచ్చా?”

హాల్లో అందరూ మావాడి నోటివైపు చూశారు. నేను కూడా. ‘రండి’ అనే మాట వాడి పెదాల దాకా వచ్చింది, నాకు కనబడింది. వాడు దాన్ని మింగేశాడు. గుమ్మం పక్కనున్న రేకు చూపించాడు. పెద్దాయన వంగి చదివి, అర్థంకాక మళ్ళీ వాడివైపు చూశాడు.

మా మరిది నిటారుగా నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో మొదటిసారి ఒక మనిషి కళ్ళలోకి చూస్తూ, ఎంతో మర్యాదగా, “కుయ్” అన్నాడు.